ఇనుము లేని తాళం

తాళాల మేస్త్రి ఇంటికే కన్నం పడిందంటే నవ్వని మనిషి ఉండడు. ఈ సంగతి మేస్త్రికి అందరికంటే బాగా తెలుసు. అందుకే తన డబ్బు పోయిన విషయం మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. దొంగతనం చేసినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నది మాత్రం మేస్త్రి. ఆ మూడు రోజుల్లో కొట్లో ఉన్న ప్రతి తాళానికీ నూనె వేశాడు, వేసినవాటికే మళ్ళీ వేశాడు.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. మూడంతస్తుల భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన జాగాకి తలుపు పెడితే ఎంత గది వస్తుందో అంత గది. ఇద్దరు వస్తే ఒకరు బయట నిలబడాలి. గోడల నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు, బల్ల మీద తాళంచెవులు కోసే మిషను, దాని చుట్టూ ఆకురాయికి రాలిన పొడి. పైన ఎవరైనా మెట్లు దిగితే మేస్త్రి తల మీద దిగినట్టే ఉంటుంది. అయినా ఆ గదంటే ఆయనకి ప్రాణం. పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే ఉన్నాడు. ఊళ్ళో ఎవరి తాళం పోయినా కాళ్ళు వాటంతట అవే ఆ మెట్ల కిందికి వస్తాయి.

ఆ గదిని ఓనరమ్మ అమ్మకానికి పెట్టింది. "ముందు నిన్నే అడుగుతున్నా మేస్త్రీ. ఏడాది ఆఖరుకి డబ్బు తెచ్చావా, గది నీది. తేలేదా, పక్క ఫోన్ల షాపతను చేతిలో డబ్బు పెట్టుకుని కూర్చున్నాడు" అని మొహం మీదే చెప్పింది. మేస్త్రి ఏళ్ళ తరబడి కూడబెట్టింది దాదాపు సరిపోతుంది. ఆ 'దాదాపు' దగ్గరే వచ్చింది చిక్కంతా.

మేస్త్రికి పనిలో ఒక అలవాటుంది. పని అయ్యాక తాళంచెవి బల్ల మీద పడేయడు. అవతలి మనిషి అరచేతిలో పెట్టి, "లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి" అంటాడు. బీరువా తీసినా అంతే, కారు తీసినా అంతే, వాళ్ళు చూసుకునేదాకా అడుగు కదపడు. "నమ్మకం ఉందిలే మేస్త్రీ" అని ఎవరైనా అంటే, "నమ్మకం మీది, అలవాటు నాది. చూసుకోండి" అంటాడు. తొందర్లో ఉన్నవాళ్ళకి ఇది విసుగు. అయినా మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు.

ఇలాంటి మనిషి ఫోనులోనే ఉండే క్రిప్టో డబ్బు జోలికి ఎందుకు పోయాడంటే, అందరూ ఆశ అంటారు. ఆశ లేకపోలేదు. కానీ అసలు కారణం తాళం. బీరువా తాళం బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన ఫోనులో తన క్రిప్టో పెట్టె చూపించి, "దీనికి ఇనుము లేదు మేస్త్రీ. పన్నెండు మాటలు ఉంటాయి, అవే తాళంచెవి. అవి తెలియనివాడు ఎంత గింజుకున్నా తెరుచుకోదు" అన్నాడు. మేస్త్రి మనసు అక్కడే జారిపోయింది. ఇంతకాలం తను తీయలేని తాళం చూడలేదు. ఇది తీయలేనిదే కాదు, అసలు కనపడనిది. అలాంటి తాళం తనకీ ఒకటి కావాలనిపించింది. తాళం ఉన్నాక లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. గది డబ్బంతా తెచ్చి అందులో పెట్టాడు. కొన్నాళ్ళు అది పెరిగింది కూడా. రోజుకోసారి తీసి చూసుకుని, తనలో తనే నవ్వుకుని, మళ్ళీ మూసేవాడు.

ఒకరోజు పెట్టె తెరుచుకోలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే సహాయానికని ఒక నంబరు దొరికింది. అవతలి గొంతు తేనె పూసుకున్నట్టుంది. "మీ తాళం ఇరుక్కుపోయిందండీ. ఆ పన్నెండు మాటలు చెప్తే ఇప్పుడే బాగుచేసిస్తాం" అంది. ఇంకెవరైనా అయితే అక్కడే అనుమానపడేవాళ్ళు. మేస్త్రి పడలేదు. ఆయన బతుకంతా నడిచింది ముక్కూ మొహం తెలియనివాళ్ళు నమ్మి చేతిలో పెట్టిన తాళంచెవుల మీద. తాళం బాగుపడాలంటే తాళంచెవి ఇవ్వాలి. ఇవ్వకుండా బాగుచేయమనే మనిషి కనిపిస్తే ఆయనకే ఒళ్ళు మండుతుంది. అందుకని పన్నెండు మాటలూ నిదానంగా, ఒక్కోటి రెండేసిసార్లు చెప్పాడు. "థాంక్సండీ" అని గొంతు ఫోను పెట్టేసింది. మేస్త్రి టీ తాగి వచ్చి చూస్తే పెట్టె తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

నాలుగో రోజు ఆయన ధైర్యం కూడగట్టుకుని మరదలి దగ్గరికి వెళ్ళాడు. మరదలంటే భార్యకి స్వయానా చెల్లెలు, లాయరు. జిరాక్సు షాపు మీద ఆమె ఆఫీసు. కింద మిషను నడిస్తే పైన బల్ల సన్నగా వణుకుతుంది. ఆమె వాదించేవన్నీ అద్దె తగాదాలు, చెల్లని చెక్కులు. నోరు మాత్రం పై కోర్టు స్థాయిది.

"ఏం బావా, ఇలా దారి తప్పావు? అక్క ఇంట్లోంచి గెంటేసిందా?"

"ఇంకా లేదు. నేను చెప్పేది విన్నాక నువ్వే గెంటిస్తావు" అని మేస్త్రి జరిగిందంతా చెప్పాడు.

మరదలు మొదట పెదవి బిగబట్టింది. తర్వాత ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. పన్నెండు మాటలూ రెండేసిసార్లు చెప్పాడన్న దగ్గర ఇక ఆగలేక బల్ల మీద తల పెట్టి నవ్వింది. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. క్షమించు బావా, రెండు నిమిషాలు నవ్వుకోనీ, తర్వాత లాయరునైపోతాను."

మేస్త్రికి కోపం రాలేదు. మూడు రోజుల తర్వాత తన పక్కన ఒక మనిషి నవ్వుతుంటే ఎందుకో గుండె బరువు కాస్త దిగింది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. ఆయన కంగారుగా లేచి, "ఒక లాయరుగారమ్మా. పోయిన క్రిప్టో తిరిగి రప్పిస్తాడట. ముందు ఫీజు కట్టాలి. అది ఇవాళ కడదామనే..." అన్నాడు.

మరదలి మొహంలో నవ్వు మాయమైంది. ఫోను లాక్కుని స్పీకరు నొక్కింది. మగ గొంతు గంభీరంగా, "మీ సొమ్ము మా కంటికి కనిపిస్తోంది. ఫీజు పంపగానే మీ ఖాతాలో పడుతుంది" అంది.

"చాలా సంతోషం సార్. కనిపిస్తోంది కదా, మీ ఫీజు అందులోంచే తీసుకుని మిగిలింది పంపండి" అంది మరదలు.

"రూల్సు ఒప్పుకోవు మేడం."

"పోనీ మీరు ఏ కోర్టులో ప్రాక్టీసు చేస్తారో చెప్పండి. ఎదురు కుర్చీలో నేనే ఉంటానేమో చూసుకుంటాను."

ఫోను కట్టయింది. మరదలు దాన్ని బల్ల మీద పెట్టి, "వీళ్ళూ ఆ తేనె గొంతువాళ్ళూ ఒకే గూటి పక్షులు బావా. ఒకసారి మునిగినవాడి నంబరు చేతిలో ఉంటుందిగా. ఈసారి పైకి లాగుతామని చెప్పి ఇంకాస్త ముంచుతారు" అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎంత దగ్గరగా వచ్చి తప్పిపోయిందో మేస్త్రికి అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత మరదలు నిజంగానే లాయరైపోయింది. డబ్బు ఏ దారిన వెళ్ళిందో ఫోనులోంచే బయటికి తీసింది. ఈ క్రిప్టో అనేదానికి ఒక గుణం ఉంది. ఎవరు తీసుకున్నారో చెప్పదు గానీ, ఎటు పోయిందో అందరికీ కనపడేలా అడుగులు వదులుతూ పోతుంది. దొంగ దాన్ని మామూలు డబ్బుగా మార్చుకోవాలంటే మార్చే కంపెనీలో ఒక ఖాతా ఉండాలి, ఖాతాకి ఒక మనిషి ఉండాలి. "ఆ గుమ్మం దగ్గర పట్టుకోవాలి. వెంటనే వచ్చావు గనక సరిపోయింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయన్నట్టు వచ్చుంటే నేనేం చేయలేను. సాయంత్రానికల్లా సైబర్ పోలీసులకి ఫిర్యాదు ఇద్దాం. కానీ ఒక షరతు."

"ఫీజా?"

"నీ దగ్గర ఫీజేంటి, నా బీరువాకి జీవితాంతం ఉచితంగా నూనె వెయ్యి. షరతు ఏంటంటే, ముందు అక్కకి చెప్పు. చెప్పకుండా సంతకం పెట్టించుకోను."

ఇంటికి వెళ్ళేసరికి భార్య కిటికీ పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. పక్కన ఆమె గుండీల డబ్బా, మూత సరిగా పట్టని పాత బిస్కెట్ల డబ్బా. మేస్త్రి నిలబడే మొత్తం చెప్పేశాడు. ఆమె కుట్టడం ఆపలేదు. అంతా అయ్యాక దారం పంటితో తెంపి, ఒకే ఒక్క మాట అడిగింది.

"పని అయ్యాక వాళ్ళు 'చూసుకోండి' అన్నారా?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"మరి అప్పుడే తెలియాలిగా మీకు" అంది. ఆ తర్వాత రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే వీధి తలుపు తాళంతో చెప్పేది. "అన్నం వడ్డించానని ఆయనకి చెప్పు" అనేది. మేస్త్రి కూడా వెళ్ళి ఆ తాళానికే, "వస్తున్నానని చెప్పు" అనేవాడు. మూడోనాడు ఇలాగే అంటుంటే ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అంతటితో ఆ కేసు కొట్టేశారు.

అసలు కేసు మాత్రం అంత తొందరగా తేలలేదు. పోలీసులు నోటీసు పంపారు, మార్చే కంపెనీ ఆ ఖాతాని స్తంభింపజేసింది. అప్పటికే కొంత చేతులు మారిపోయినా, చాలావరకు అక్కడే చిక్కింది. ఖాతా మనిషి తను రాకుండా ఒక లాయరుని పెట్టుకుని, ఆ డబ్బు తనదేననీ, వదిలేయాలనీ కోర్టుకెక్కాడు. మరదలు కూడా అది మేస్త్రికి ఇప్పించమని అర్జీ పెట్టింది. ఏడాది ఆఖరు దగ్గర పడింది. ఫోన్ల షాపతను ఒకటికి రెండుసార్లు వచ్చి మెట్ల కింద గోడలు టేపుతో కొలుచుకుని పోయాడు. మేస్త్రికి ఆ టేపు తన మెడకే చుట్టినట్టు అనిపించింది.

వాదనల రోజు ఉదయం మేస్త్రి తిన్నగా కోర్టుకే వచ్చాడు. పనిముట్ల సంచి లేకుండా ఇల్లు కదలడం ఆయనకి చేతకాదు. గేటు దగ్గర కాపలావాడు లోపలికి తీసుకెళ్ళనివ్వక, దాన్ని తన కుర్చీ కింద పెట్టించాడు. మరదలు ఇంకా కాగితాలు సర్దుకుంటూనే ఉంది, కాపలావాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"తాళాలాయనా, కాస్త రావాలి. ఒక లాయరుగారి కారు లాకైపోయింది. తాళంచెవి లోపలే ఉంది, ఫైలు లోపలే, కోటూ లోపలే."

మరదలు కిటికీలోంచి తొంగిచూసి మేస్త్రి చెయ్యి పట్టుకుంది. "బావా, అది ఎవరనుకున్నావు? ఖాతా మనిషి లాయరు. ఫైలు లేకపోతే ఆయన ఇవాళ నోరు విప్పలేడు." గొంతు తగ్గించి, "ఒక్క గంటసేపు నీ చేతులకి తిమ్మిరి పట్టిందనుకో" అంది.

మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించాడు. గది కళ్ళ ముందు మెదిలింది. అబద్ధమెందుకు, ఆశగానే మెదిలింది. కానీ బయట ఒక పెద్దమనిషి చెమటలు కక్కుతూ కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. మూసుకుపోయిన తలుపు ముందు నిలబడ్డవాడి మొహం ఎవరిదైనా ఒకేలా ఉంటుంది. ఆ మొహం చూసి ఊరుకోవడం మేస్త్రి నేర్చుకోలేదు.

"తిమ్మిరి నాలుక్కి పట్టించొచ్చు గానీ చేతులకి కుదరదమ్మా" అని సంచి తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

పల్చటి చెక్కముక్క తలుపు సందులో దూర్చి, పొడుగాటి తీగ లోపలికి పంపి, మీట లాగాడు. గీత పడకుండా తలుపు తెరుచుకుంది. సీటు మీద తాళంచెవి, పర్సు, ఖరీదైన ఫోను, ఫైలు. మేస్త్రి తాళంచెవి తీసి లాయరు అరచేతిలో పెట్టాడు. "అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి."

"నమ్మకం ఉందిలేవయ్యా, టైమైపోతోంది."

"నమ్మకం మీది, అలవాటు నాది. చూసుకోండి."

లాయరు విసుక్కుంటూనే చూసుకున్నాడు. మేస్త్రి ఎప్పుడూ తీసుకునే కూలి తీసుకుని, సంచి కుర్చీ కింద పెట్టి లోపలికి వచ్చాడు. కిటికీలోంచి అంతా చూసిన మరదలు విసురుగా కాగితాలు తిరగేసింది. తర్వాత ఉన్నట్టుండి కళ్ళు పెద్దవి చేసి, ఏదో గబగబా రాసుకుంది.

కేసు పిలిచారు. ఆ లాయరు మంచి మాటకారి. "అయ్యా, ఎవరూ పెట్టె పగలగొట్టలేదు. ఎవరూ కత్తి చూపించలేదు. అర్జీదారు తన నోటితో, తన ఇష్టంతో పన్నెండు మాటలు చెప్పాడు. పైగా తాళాల మేస్త్రి. తాళంచెవి చేతిలో పెట్టాడంటే ఇల్లు అప్పగించినట్టేనని ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి చెవులు కాలిపోయాయి. ఏ నవ్వుకి భయపడి మూడు రోజులు నోరు మూసుకున్నాడో ఆ నవ్వు ఇదే.

మరదలు లేచింది. ముందు కాగితాలు పెట్టింది. డబ్బు ఏ పెట్టె నుంచి ఏ ఖాతాకి ఏ అడుగుల్లో వెళ్ళిందో, పోలీసు రిపోర్టు ఏమందో, విచారణకి రమ్మంటే ఖాతా మనిషి ఒక్కసారైనా ఎలా రాలేదో, ఎక్కడా హాస్యం లేకుండా చెప్పింది. ఆ తర్వాత, "ఇక తాళంచెవి సంగతి. అర్జీదారుని ఒకసారి ముందుకి రమ్మంటాను" అంది.

మేస్త్రి ముందుకి వచ్చాడు. ఎదుటి లాయరు తలెత్తి చూసి, మెల్లగా కళ్ళజోడు తీసేశాడు.

"ఇవాళ ఉదయం ఎదుటి పక్షం లాయరుగారు తమ కారు తలుపు ఈయన చేత తీయించుకున్నారు. తమ ఇష్టంతోనే, ఎవరూ కత్తి చూపించలేదు. లోపల పర్సుంది, ఫోనుంది, ఇదే కేసు ఫైలుంది. వారి వాదన ప్రకారం అవన్నీ ఈపాటికి మా బావగారివే అయిపోవాలి. వారేమంటారో తెలుసుకోవాలని ఉంది."

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు పెన్నుతో బల్ల మీద తట్టారు గానీ, ఆయన మీసం కిందా ఏదో కదిలింది. "చెప్పండి, తలుపు అప్పగించారా, కారే అప్పగించారా?" అని అడిగారు.

ఎదుటి లాయరు మంచి మనిషే. తనూ నవ్వేశాడు. "పని కోసం ఇచ్చానండి. అంతే ఇచ్చాను." ఆగి, "ఆయన నా చేత అన్నీ చూసుకునేదాకా కదల్లేదు కూడా" అన్నాడు.

ఆ మాట రికార్డులోకి ఎక్కింది. జడ్జిగారు నవ్వు చూసి తీర్పు ఇవ్వలేదు, కాగితాలు చూసే ఇచ్చారు. ఖాతాలో చిక్కిన డబ్బు పూచీకత్తు మీద మేస్త్రికి ఇవ్వమన్నారు. బయటికొచ్చాక మరదలు బావ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని చూసి వదిలేసింది. వీధంతా కథ తెలిసిపోయింది. మంగలి షాపులో వారం రోజులు ఇదే కబురు. మేస్త్రి భయపడ్డట్టు ఎవరూ రావడం మానలేదు. తాళంచెవి ఇస్తూ, "మేస్త్రీ, పని కోసమే ఇస్తున్నా, ఇల్లు మాత్రం నాదే" అని ఏడిపించడం ఒక్కటే కొత్తగా మొదలైంది. ఆయనా నవ్వేవాడు.

డబ్బు చేతికొచ్చింది. కానీ చేతులు మారిపోయిన వాటా రాలేదు, ఇక వచ్చే దారీ లేదు. ఓనరమ్మ ధర దగ్గర మెట్టు దిగే మనిషి కాదు. మర్నాటితో గడువు ఆఖరు. మేస్త్రి మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఇంతదాకా వచ్చి మళ్ళీ ఆ 'దాదాపు' దగ్గరే ఆగిపోయానే అని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

భార్య లేచి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టింది. "మూత తీయండి."

తీశాడు. గుండీలు. గుండీల కింద గుడ్డ, గుడ్డ కింద నోట్ల కట్ట, దాని కింద ఇంకొకటి.

"ఎప్పటినుంచి?" అన్నాడు నోరు తెరిచి.

"పెళ్ళైన కొత్తలో నా పెట్టె తాళంచెవి పోతే, నేను అడగకముందే పిన్నీసుతో తీసి చూపించారు, గుర్తుందా? ఈ ఇంట్లో తాళం వేసింది ఏదీ దాగదని ఆ రోజే తెలిసింది. మీ కన్నెప్పుడూ తాళం ఉన్నచోటికే పోతుంది. మూత సరిగా పట్టని డబ్బా వంక ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూశారా?"

చూడలేదు. ఆ డబ్బా రోజూ ఆయన కాలికి తగులుతూనే ఉంది.

ఆమె కట్టలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "గదికి సరిపోతాయో లేదో చూసుకోండి."

మేస్త్రికి కళ్ళ ముందు అంతా మసకగా ఉంది. "నమ్మకం ఉందే" అన్నాడు.

"నమ్మకం మీది, అలవాటు నాది" అని, ఆయన కళ్ళు తుడుచుకుని చూసుకునేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.